ఫోను తాకితే తెరుచుకునే తలుపు

లండన్ నగరంలో భూగర్భ రైలుమార్గం 1863 జనవరి 10వ తేదీన ప్రారంభమైనది. ప్రపంచంలో అట్టి మార్గాలలో అదే మొదటిది. ఆనాటి ప్రయాణికుడు కిటికీ ముందు నిలబడి, నాణెములిచ్చి, కాగితపు టిక్కెట్టు పుచ్చుకుని బండి ఎక్కేవాడు. నేడు ఆ స్టేషన్లలో చాలవాటిలో టిక్కెట్టు కిటికీలే లేవు. నగరపు బస్సులలో 2014 జూలై 6 నుంచి రొక్కం పుచ్చుకోవటమే మానివేశారు. ప్రయాణికుడు నడుస్తూ నడుస్తూనే, ద్వారం మీద ఉన్న గుండ్రని పసుపుపచ్చ బిళ్ళకు తన ఫోనును ఆనిస్తాడు. కీచుమని చిన్న శబ్దం వస్తుంది. తలుపు రెక్కలు విడిపోతాయి. ఈ వ్యవహారమంతా సుమారు అర సెకండులో ముగుస్తుంది.

ఆ అర సెకండులో ఏమి జరిగినది? ఫోనులోని డబ్బు రైలు సంస్థకు చేరినదని చాలమంది అనుకుంటారు. వాస్తవానికి ఆ క్షణంలో ఒక్క పెన్నీ కూడా కదలలేదు. ప్రయాణికుని బ్యాంకులో డబ్బు ఉన్నదో లేదో కూడా ఆ ద్వారానికి తెలియదు. అయినా అతనిని నమ్మి లోపలికి విడిచిపెట్టినది. ఈ నమ్మకం ఎట్లా కలుగుతున్నదో తెలుసుకోవటం కేవలం కుతూహలానికే కాదు. దానిని గ్రహించని విదేశీ ప్రయాణికులు పది రూపాయలు పోవలసిన చోట ముప్పై రూపాయలు పోగొట్టుకోవటం సాధారణం.

తీగ లేని విద్యుత్తు

ఈ ద్వారం పనిచేసే మూలసూత్రం కూడ లండన్ నగరంలోనే బయటపడినది. 1831లో మైఖేల్ ఫారడే అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక ఇనుప కడియానికి రెండు ప్రక్కల రెండు తీగచుట్టలు చుట్టి పరిశోధన చేశాడు. ఆ రెంటికీ ఎక్కడా కలయిక లేదు. అయినా మొదటి చుట్టలో విద్యుత్తు మొదలైనప్పుడు, ఆగినప్పుడు రెండవ చుట్టలో కూడా విద్యుత్తు పుట్టినది. మొదటి చుట్టలో విద్యుత్తు నిలకడగా ప్రవహిస్తున్నంతసేపు రెండవదానిలో ఏమీ లేదు. అనగా మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రమే విద్యుత్తును పుట్టిస్తుందన్నమాట. దీనినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు.

ద్వారం మీది పసుపుపచ్చ బిళ్ళ క్రింద అట్టి తీగచుట్ట ఒకటి ఉన్నది. అందులో ప్రవహించే విద్యుత్తు సెకండుకు 1 కోటి 35 లక్షల 60 వేల పర్యాయాలు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ప్లాస్టిక్ కార్డు పొరల మధ్య ఒక సన్నని తీగచుట్ట, దానికి అంటి ఒక చిన్న సిలికాన్ చిప్పు ఉంటాయి. కార్డులో బ్యాటరీ లేదు. బిళ్ళ దగ్గరకు వచ్చినప్పుడు ప్రేరణవల్ల పుట్టిన విద్యుత్తే ఆ చిప్పుకు ఆహారం. దూరంగా పోగానే అది మళ్ళీ నిద్రపోతుంది. ఫోనుకు స్వంత బ్యాటరీ ఉన్నప్పటికీ, ద్వారంతో మాట్లాడే పద్ధతి మాత్రం కార్డుదే.

కార్డు తిరిగి జవాబు చెప్పే విధానం మరింత చమత్కారమైనది. అది తనంత తాను తరంగాలను పంపదు. ఊయల ఊపుతున్న తల్లిని గుర్తుకు తెచ్చుకోండి. ఊయలలోని పిల్లవాడు కాలితో నేలను రాసినప్పుడల్లా ఆ బరువు తల్లి చేతికి తెలుస్తుంది. పిల్లవాడు ఒక క్రమంలో కాలు రాస్తే, తల్లి కళ్ళు మూసుకునే ఆ సంకేతాన్ని చదువవచ్చు. కార్డు కూడ తన చుట్టమీది భారాన్ని క్షణక్షణం హెచ్చించి తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గులు ద్వారంలోని చుట్టకు తెలుస్తాయి. ఈ రీతిని వారిద్దరూ సెకండుకు 1 లక్ష 6 వేల అక్షరాంశాల వేగంతో మాట్లాడుకోగలరు. ఒక్కొక్క అక్షరాంశం ఒక సున్న గాని, ఒకటి గాని.

చుట్ట నుంచి కొంత దూరం పోయిన తరువాత అయస్కాంత క్షేత్రబలం దూరపు ఘనాన్నిబట్టి క్షీణిస్తుంది; దూరం రెట్టింపైతే బలం ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. అందువల్లనే ఫోనును నాలుగు సెంటీమీటర్ల లోపలికి తేవలసి ఉంటుంది. వెనుక నిలబడినవాని జేబులోని కార్డును ద్వారం పొరపాటున చదువకపోవటానికి కారణం ఇదే. కాని ఒకే పర్సులో రెండు కార్డులుంటే రెండూ ఒకేసారి మేల్కొంటాయి. వాటిలో దేనినుంచి చార్జీ పోతుందో చెప్పలేము. కాబట్టి వాడదలచిన కార్డును పర్సులోనుంచి తీసి విడిగా ఆనించాలి.

తెలియనివానిని నమ్మటం ఎట్లా?

రద్దీవేళ లండన్ స్టేషన్లలో జనం ఏరులాగా ప్రవహిస్తారు. ఒక్కొక్కరి కార్డునుగూర్చి వారి వారి బ్యాంకులను అడిగి, జవాబు వచ్చేవరకు తలుపు మూసి ఉంచితే ఆ ఏరు వరదై మెట్లమీదికి పొంగుతుంది. ఏ హైదరాబాదు బ్యాంకునో, సిడ్నీ బ్యాంకునో అడిగి రావటానికి అర సెకండు చాలదు. కనుక ద్వారం ఎవరినీ అడగకుండా తనంత తాను నిర్ణయం చేయాలి. అందుకు గూఢలిపి శాస్త్రం సహాయపడుతున్నది.

61ని 53తో గుణించమంటే బడిపిల్లవాడు సయితం 3233 అని చెప్తాడు. 3233 ఏ రెండు సంఖ్యల లబ్ధమో చెప్పమంటే పెద్దవారు కూడ కాసేపు తడుముకుంటారు. ఇంత చిన్న అంకెల విషయంలోనే ఇట్లా ఉంటే, వందలకొద్దీ అంకెలున్న సంఖ్యల సంగతి చెప్పనక్కరలేదు. గుణించటం క్షణం పని. విడదీయటం నేటి యంత్రాలకు అసాధ్యం. ఈ అసమానత ఆధారంగా రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు 1977లో ఒక పద్ధతి కల్పించారు. దానిలో రెండు తాళపుచెవులుంటాయి. ఒకటి రహస్యం, రెండవది బహిరంగం. రహస్యపు చెవితో చేసిన సంతకాన్ని బహిరంగపు చెవితో ఎవరైనా సరిచూడవచ్చు. కాని దానివంటి సంతకాన్ని సృష్టించలేరు.

కరణం వ్రాసిన కాగితంపై తహసీల్దారు ముద్ర, ఆ తహసీల్దారుకు ప్రభుత్వపు అధికారం ఉన్నట్లే ఇక్కడ కూడ సంతకాల గొలుసు ఉన్నది. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి సంస్థ బ్యాంకు చెవిపై సంతకం చేస్తుంది. బ్యాంకు కార్డులోని చెవిపై సంతకం చేస్తుంది. ద్వారంలో ఆ సంస్థల బహిరంగపు చెవులు ముందే ఉంటాయి. గొలుసులోని ప్రతి లంకెనూ సరిచూసి, ఇది నిజమైన బ్యాంకు ఇచ్చిన నిజమైన కార్డేనని ద్వారం నిశ్చయించుకుంటుంది.

ఎవరైనా ఒక కార్డు చెప్పిన జవాబును దొంగచాటుగా పట్టుకుని, మరునాడు దానినే వినిపిస్తే? దానికీ ఉపాయం ఉన్నది. ప్రతిసారీ ద్వారం ముందుగా తెలియని ఒక కొత్త సంఖ్యను పంపుతుంది. కార్డు దానిని కలిపి సంతకం చేయాలి. నిన్నటి సంతకం నేటి ప్రశ్నకు జవాబు కాజాలదు. చివరగా ద్వారం తన వద్ద ఉన్న నిషేధపు జాబితాను వెదుకుతుంది. ఆ కార్డు సంఖ్య అందులో లేకపోతే తలుపు తెరుస్తుంది.

అయితే వేగానికీ భద్రతకూ ఎప్పుడూ కొంత పేచీ ఉంటుంది. కొన్ని ఫోన్లలో వేలిముద్ర గాని, ముఖం గాని చూపకుండానే రవాణా ద్వారాలవద్ద మాత్రం పనిచేసే ఏర్పాటు ఉన్నది. బర్మింగ్‌హామ్, సర్రే విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2021లో, వీసా కార్డు చేర్చిన ఐఫోనును ప్రయోగశాలలో అట్లా మోసగించవచ్చునని చూపారు. సౌకర్యం ఏదీ ఉచితంగా రాదనటానికి ఇది నిదర్శనం.

డబ్బు కదిలేది ఎప్పుడు?

పల్లెటూరి కిరాణా కొట్టులో తెలిసినవారికి పద్దు వ్రాసి సరుకు ఇస్తారు. లెక్క తరువాత చూస్తారు. లండన్ ద్వారం చేసేది కూడ అదే పని. ఫలానా సంఖ్యగల కార్డు, ఫలానా స్టేషన్, ఫలానా నిమిషం అని ఒక పద్దు వ్రాసుకుంటుంది. బయటికి పోయేటప్పుడు మరొక పద్దు. ఈ పద్దులన్నీ నగర రవాణా సంస్థవారి పెద్ద గణనయంత్రాలకు చేరుతాయి. అక్కడ లోపలికి వచ్చిన పద్దును, బయటికి పోయిన పద్దును జత కూర్చి ప్రయాణపు చార్జీ కడతారు. ఆ సంస్థకు తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు కొత్త రోజు మొదలవుతుంది. రోజు ముగిసిన తరువాత ప్రయాణాలన్నీ కూడి, ఒకే మొత్తాన్ని బ్యాంకునుంచి వసూలు చేస్తారు.

లెక్క తరువాత కట్టటంలో ప్రయాణికునికి ఒక మేలు ఉన్నది. ఒక రోజు చార్జీకి, సోమవారం నుంచి ఆదివారం వరకు వారపు చార్జీకి ఒక గరిష్ఠ పరిమితి నిర్ణయించారు. ఎన్నిమార్లు తిరిగినా అంతకు మించి పుచ్చుకోరు. పాసు కొనాలా, విడి టిక్కెట్లు కొనాలా అని ముందుగా తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. బస్సు చార్జీని 2023 మార్చిలో 1.75 పౌండ్లుగా నిర్ణయించారు. మొదటి బస్సు ఎక్కినప్పటినుంచి గంటలోపల మరెన్ని బస్సులు మారినా ఆ ఒక్క చార్జీయే చాలు.

ఇక, బ్యాంకులో డబ్బు లేకపోతే? కొత్త కార్డు మొదటిసారి తాకిన కొద్దిసేపటికే, ప్రయాణికుడు బండిలో ఉండగానే, సంస్థ ఆ బ్యాంకును విచారిస్తుంది. బ్యాంకు నిరాకరిస్తే ఆ సంఖ్య నిషేధపు జాబితాకు ఎక్కుతుంది. బాకీ తీరేవరకు ఏ ద్వారమూ దానికి తెరుచుకోదు. మొదటి ప్రయాణపు నష్టానికి మాత్రం ముందే సిద్ధపడవలసినదే. కొద్దిపాటి నష్టాన్ని ఒప్పుకుని లక్షలాది జనాన్ని ఆపకుండా పంపటం మేలని లెక్క వేశారు. 2012 డిసెంబరులో బస్సులలోను, 2014 సెప్టెంబరు 16 నుంచి భూగర్భ రైళ్ళలోను బ్యాంకు కార్డులను ఈ విధంగా అంగీకరించారు. బ్రిటన్‌లో ఐఫోను ద్వారా చెల్లించే వీలు 2015 జూలైలో వచ్చినది.

ఖాతా ఒకటే, సంఖ్యలు రెండు

ప్రయాణికులు నష్టపోయేది ఈ జత కూర్చటంలోనే. ఫోనులో కార్డును చేర్చినప్పుడు, కార్డుమీది అసలు సంఖ్య ఫోనులో నిలువ ఉండదు. దానికి బదులుగా ఆ ఫోనుకే ప్రత్యేకమైన మారు సంఖ్య ఒకటి ఇస్తారు. ఫోను పోయినా అసలు సంఖ్య దొంగకు చిక్కకూడదని ఈ ఏర్పాటు. అదే కార్డును చేతిగడియారంలో చేర్చితే దానికి మరొక మారు సంఖ్య. బ్యాంకు ఖాతా ఒకటే అయినా, ద్వారం దృష్టిలో కార్డు, ఫోను, గడియారం ముగ్గురు వేర్వేరు మనుష్యులు.

ఫోను తాకించి లోపలికి వెళ్ళి, దిగేచోట కార్డు తాకించినవాని సంగతి చూడండి. ఒక పద్దుకు ప్రవేశం ఉన్నది, నిష్క్రమణ లేదు. మరొక పద్దుకు నిష్క్రమణ ఉన్నది, ప్రవేశం లేదు. అతడు ఎంత దూరం ప్రయాణం చేసినాడో యంత్రం తేల్చలేదు. రెండింటికీ విడివిడిగా హెచ్చు చార్జీ వేస్తారు. రోజంతా ఫోను, కార్డు మార్చి మార్చి వాడితే గరిష్ఠ పరిమితి కూడ దేనికది వేరై, ప్రయాణికునికి ఉపయోగపడదు.

ఇదే కారణంవల్ల ఒక సౌకర్యం కూడ కలుగుతున్నది. ఒక కార్డుమీద ఇద్దరు ప్రయాణం చేయటానికి వీలులేదు. కాని భర్త ఫోనును, భార్య ప్లాస్టిక్ కార్డును వాడితే, ఖాతా ఒకటే అయినా ఇద్దరి లెక్కా సక్రమంగా సాగుతుంది. అయితే యంత్రానికి సంఖ్య తెలుసునే గాని వయస్సు తెలియదు. పదకొండు ఏళ్ళు దాటిన పిల్లలు బ్యాంకు కార్డు తాకిస్తే పెద్దల చార్జీయే పడుతుంది. వారికి రాయితీ కావాలంటే 2003 నుంచి వాడుకలో ఉన్న ఆయిస్టర్ అనే నగరపు స్వంత కార్డు తీసుకోవాలి.

ఫోను బ్యాటరీ మధ్యలో అయిపోతే నిష్క్రమణ పద్దు పడదు; తనిఖీ అధికారికి చూపటానికి ఆధారమూ ఉండదు. సరియైన ఆధారం లేనివారికి విధించే అపరాధ రుసుమును 2024 మార్చిలో 100 పౌండ్లకు పెంచారు. కొన్ని ఐఫోన్లలో బ్యాటరీ ఇంకినట్లు చూపిన తరువాత కూడ ఐదు గంటల వరకు ఈ ఒక్క పనికి చాలినంత శక్తి మిగిల్చే ఏర్పాటు ఉన్నది. దానిమీదనే ఆధారపడటం మంచిది కాదు. తాకించే సమయంలో ఫోనుకు ఇంటర్నెట్ అక్కరలేదు. అయితే కొన్ని ఫోన్లు బ్యాంకునుంచి తెచ్చుకున్న తాళపుచెవులను కొద్దిగా మాత్రమే దాచుకుంటాయి. చాలకాలం ఇంటర్నెట్ అందకపోతే అవి అయిపోతాయి. కనుక రోజుకొకసారి అయినా హోటలులో ఫోనును ఇంటర్నెట్‌కు కలపటం మంచిది.

ఊరికొక పద్ధతి

ఈ విధానం 2019లో సింగపూరుకు, న్యూయార్కుకు కూడ వ్యాపించినది. సూత్రం ఒకటే అయినా ఆచారం వేరు. లండన్ బస్సులో ఎంత దూరం పోయినా చార్జీ ఒకటే. కాబట్టి ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకితే చాలు. న్యూయార్కు భూగర్భ రైలులో కూడ అంతే. సింగపూరులో బస్సుకు సయితం దూరాన్నిబట్టి చార్జీ. దిగేటప్పుడు తాకటం మరిస్తే నష్టం తప్పదు. దూరాన్నిబట్టి చార్జీ ఉన్నచోట రెండుసార్లు తాకాలి, లేనిచోట ఒకసారి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలవరకు చిక్కు ఉండదు.

జపానులో మార్గమే వేరు. 2001లో ప్రవేశపెట్టిన సుయికా కార్డులో డబ్బు నిలువ కార్డులోనే ఉంటుంది. ద్వారం ఆ నిలువను చదివి, చార్జీ తగ్గించి, మిగిలినది తిరిగి వ్రాస్తుంది. పద్దు ఎక్కడో కాదు, ప్రయాణికుని చేతిలోనే ఉన్నదన్నమాట. ఇందువల్ల సెకండులో ఐదవవంతు కాలమే సరిపోతుంది. టోక్యోవంటి నగరంలో ఈ తేడా చిన్నది కాదు. అయితే దీనికి ఫోనులో ఫెలికా అనే ప్రత్యేక సంకేతపద్ధతి ఉండాలి. 2017 నుంచి వచ్చిన ఐఫోన్లలో అది ఉన్నది. జపాను వెలుపల అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలవాటిలో సుయికా పనిచేయదు. అట్టివారు అక్కడ ప్లాస్టిక్ కార్డును కొనుక్కోవలసినదే.

మన దేశం నుంచి వెళ్ళేవారికి

2016లో వచ్చిన యూపీఐ పద్ధతికి మన ప్రజలు బాగా అలవాటుపడ్డారు. కూరగాయల బండి దగ్గర గళ్ళ బొమ్మను ఫోనుతో చదివి, రహస్యసంఖ్య నొక్కితే డబ్బు అప్పటికప్పుడే చేరుతుంది. అందులో ఇరుపక్షాల బ్యాంకులను ఆ క్షణంలోనే అడుగుతారు. లండన్ ద్వారం బ్యాంకును అడగకుండా తెరుచుకుంటుంది. రెండింటి పునాదులే వేరు కాబట్టి ఆ ద్వారాలవద్ద యూపీఐ చెల్లదు. రూపే కార్డు కూడ చెల్లదు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటివి చెల్లుతాయి.

భారతీయ బ్యాంకుల కార్డులన్నింటినీ ఫోనులో చేర్చటానికి వీలుండదు. వీలులేనివారు ప్లాస్టిక్ కార్డునే తాకించవచ్చు. కాని అక్కడ కూడ ఒక అడ్డంకి ఉన్నది. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో చేసిన ఉత్తర్వు ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోనే, అదీ యంత్రంలో పెట్టి వాడటానికి మాత్రమే పనిచేస్తాయి. విదేశాలలో వాడే అనుమతిని, తాకించి వాడే అనుమతిని కార్డుదారుడు స్వయంగా తెరిపించుకోవాలి. మోసాలు తగ్గించటానికి చేసిన ఈ మంచి ఏర్పాటే, దానిని ఎరుగనివారికి లండన్ విమానాశ్రయంలో దిగగానే మొదటి ద్వారం దగ్గర అడ్డుగోడ అవుతుంది. వెనుక జనం, చేతిలో సామాను, తెరుచుకోని తలుపు! బయలుదేరకముందే బ్యాంకు యాప్‌లో ఆ రెండు అనుమతులను తెరచి ఉంచుకుంటే ఈ ఇక్కట్టు లేదు. విదేశీ ద్రవ్యంలో ఖర్చుకు చాల బ్యాంకులు సుమారు మూడున్నర శాతం వరకు రుసుము వేస్తాయన్నది కూడ గుర్తుంచుకోవాలి.

ఆర్టీసీ బస్సులో చిల్లర లేనప్పుడు కండక్టరు టిక్కెట్టు వెనుక అంకె వేసి ఇస్తాడు. దిగేలోపల ఆ చిల్లర ఇస్తాడన్న నమ్మకంతో ప్రయాణికుడు కూర్చుంటాడు. లండన్ ద్వారం దగ్గర ఆ నమ్మకమే ఎదురుగా తిరిగినది: సంస్థ ప్రయాణికుని నమ్మి, లెక్క తరువాత చూసుకుంటున్నది. కండక్టరు అంకె వేసిన ఆ టిక్కెట్టునే చిల్లరకు చూపాలి. అట్లాగే ఏ కార్డుతో, ఏ ఫోనుతో లోపలికి వెళ్ళినాడో దానితోనే బయటికి రావాలి. సాయంత్రం వరకు దానినే వాడాలి.